వాన లెక్క ఒకటే అయినా బీడులో గడ్డి ఏటేటా ఎందుకు మారుతుంది?

మీరు అడిగింది ముందు రెండు ముక్కల్లో రాస్తాను, తర్వాత చదివేవాళ్ళకు అర్థమవుతుంది. అనంతపురం వైపు గుట్ట వార పన్నెండు ఎకరాల బీడు. ఏడెనిమిదేళ్ళుగా నాగలి పడలేదు. ముందటేడు మోకాలెత్తు గడ్డి వచ్చింది. కిందటేడు చూస్తే వెంపలి, పల్లేరు, మధ్యమధ్య బోడి నేల. మండలం వర్షపాతం మాత్రం రెండేళ్ళూ దాదాపు ఒకటే. "గడ్డి జాతి పోయిందా? దున్నించి విత్తనం చల్లాలా?" అని మీ ప్రశ్న.

దున్నించకండి. జాతి పోయిందో లేదో రెండు బకెట్ల నీళ్ళతో తేల్చుకోవచ్చు, అదెలాగో చివర్లో చెబుతాను. దానికన్నా ముందు అసలు ఏం జరిగిందో చూద్దాం.

పశుగ్రాసం పని మీద నేను ఇరవై ఆరేళ్ళు రాయలసీమ బీళ్ళలో తిరిగాను. ఈ ప్రశ్న ఏడాదికి నలుగురైనా అడిగేవారు, అందరూ ఏడాది మొత్తం అంకెను పట్టుకునే వచ్చేవారు. ఆ అంకెతో గడ్డికి పని లేదు. తన వేళ్ళున్న లోతులో ఇవాళ తడి ఉందా, ఉన్న తడి ఇంకెన్నాళ్ళు నిలుస్తుంది, దానికి కావలసింది ఇంతే.

అనంతపురం సాధారణ వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. అందులో నూటికి అరవై దాకా జూన్ నుంచి సెప్టెంబరు లోపల నైరుతిలో పడుతుంది. ముప్పైకి కాస్త తక్కువ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్యంలో వస్తుంది. మిగిలింది ఎండాకాలపు జల్లులు. పడమటి కనుమల చాటున ఉన్నాం కాబట్టి నైరుతి మేఘం ఇక్కడికి వచ్చేసరికి సగం ఖాళీ అయి ఉంటుంది. బంగాళాఖాతానికి దూరం కాబట్టి ఈశాన్యం పూర్తిగా అందదు. జూన్, జూలైల కంటే సెప్టెంబరులోనే మనకు వాన ఎక్కువ. మొదలు బలహీనం, చివర బలం. ఈ వరసలో ఏ చిన్న తేడా వచ్చినా బీడు మీద కనబడుతుంది. పాతకాలం రైతులు మృగశిరలో పడిందా, పుబ్బలో పడిందా అని కార్తెల వారీగా వానను గుర్తుపెట్టుకున్నారంటే అందుకే.

మీ బీడులో కాపురం ఉండేవాళ్ళు ముఖ్యంగా మూడు రకాలు. ఒకటి, దుబ్బు కట్టి ఏళ్ళ తరబడి బతికే గడ్డి. దక్కను గడ్డిభూములను మన దేశపు వర్గీకరణలో సెహిమా–డైకాంథియమ్ రకం అంటారు, ఆ రెండూ ఇలాంటి దుబ్బు గడ్లే. గుట్ట వార రాళ్ళనేలలో ఎక్కువగా కనబడేది హెటిరోపోగాన్ కంటార్టస్. పేరు నోరు తిరగకపోయినా గడ్డిని మీరు గుర్తుపడతారు. వెన్ను పండాక నల్లటి తోకలన్నీ మెలిపడి జడలాగా అల్లుకుంటాయి, పంచెకు గుచ్చుకుంటే ఇంటిదాకా వస్తుంది. కొంచెం పైకి వెళ్తే ఇళ్ళ కప్పుకు వాడే బోద. రెండో రకం, ఏటా విత్తనం నుంచే మొలిచి మూడు నెలల్లో పని ముగించుకునేవి. సన్న గడ్లు, పల్లేరు, గునుగు, తుమ్మి లాంటివి. మూడోది లోతు వేరు పొదలు. తంగేడు, బండారు, నేలరేగు, మనం కంప అని తిట్టుకునే సర్కారు తుమ్మ. వెంపలి రెండో రకానికీ మూడో రకానికీ మధ్యలో ఉంటుంది. చిన్న మొక్కే గానీ వేరు మాత్రం గట్టిగా దిగుతుంది, రెండు మూడేళ్ళు బతకగలదు.

తెలంగాణలో బతుకమ్మకు పూలు కోసేవాళ్ళు ఈ తేడాను ఏటా చూస్తారు. వానలు సరిగా లేని ఏడాది కూడా తంగేడు ఎక్కడో ఒకచోట పూస్తుంది, గునుగు కోసమే పొలాలన్నీ తిరగాలి. తంగేడు వేరు కిందటేటి తడిని కూడా అందుకోగలదు. గునుగుకు ఆ ఏటి వానే ఆధారం.

ఇక అసలు విషయం, తొలివాన తర్వాత వచ్చే ఎడం. మీ ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది.

ఒక జూన్‌లో ఎనిమిది మిల్లీమీటర్ల వాన పడిన మర్నాడు పొద్దున గడ్డపార తీసుకుని ఒక బీడుకు వెళ్ళాను. మట్టి వాసన ఇంకా వస్తోంది, పైన చూస్తే నేలంతా ఎర్రగా తడిసి ఉంది. గడ్డపార దించి పెళ్ళ లేపితే తడి మూడు నాలుగు వేళ్ళ మందమే. కింద మన్ను వేసవి మన్నే, దుమ్ము. సాయంత్రానికి ఆ పైపొర కూడా ఆరిపోయింది. దుబ్బు గడ్డికి ఆ వాన పడినట్టే లెక్క లేదు. దాని వేళ్ళు చాలావరకు జానెడు, రెండు జానల లోతులో ఉంటాయి. ఎర్ర గరప నేలలో ఆ జానెడు తడవాలంటే ఒక్క విడతలో పాతిక మిల్లీమీటర్ల దాకా పడాలి, అదీ నీళ్ళు పారిపోకుండా ఇంకితే.

అయితే ఆ చిన్న వాన వృథా పోలేదు. ఎండాకాలమంతా ఎండిన మట్టి తడవగానే అందులోని సూక్ష్మజీవులు ఒక్కసారిగా పనిలో దిగుతాయి, నత్రజని విడుదలవుతుంది. కెన్యాలో పనిచేసిన బర్చ్ అనే నేల శాస్త్రవేత్త 1958లో దీన్ని వివరంగా రాశారు. ఇప్పటికీ దాన్ని బర్చ్ ప్రభావం అనే అంటారు. తొలకరికి చేను ఒక్కసారిగా పచ్చబడటంలో దీని చెయ్యి ఉంది. ఆ నత్రజని ఎవరికి ముందు అందుతుంది? దుబ్బుకు మేలుకోవడానికి టైమ్ పడుతుంది. పైపొరలోనే గింజ ఉన్న పల్లేరు నాలుగైదు రోజుల్లో మొలిచి నేలమీద పరుచుకుంటుంది. భోజనం పెట్టే వేళకు విస్తరి ముందు కూర్చున్నవాడు అదే.

ఇక్కడి నుంచి రెండు దారులు. వారం పది రోజుల్లో ఇంకో మంచి వాన పడితే దుబ్బులు పిలకలు వేసి, ఆగస్టు నాటికి నీడ పరిచి, పల్లేరును కప్పేస్తాయి. చిన్న గడ్డి మొలకలు కూడా నిలదొక్కుకుంటాయి. అదే మూడు వారాలు మబ్బు మొహం చాటేస్తే గడ్డి మొలకలు ముందు చస్తాయి. వాటి తొలి వేరు సన్నగా పైపైనే ఉంటుంది, దుబ్బు కట్టే అసలు వేళ్ళు మొదలు దగ్గర పుట్టాలంటే ఆ పైపొర కొన్నాళ్ళు తడిగా ఉండాలి. వెంపలి లాంటి చిక్కుడు జాతి మొక్కలకు ఇంకో ఏర్పాటు ఉంది. గింజ పెంకు గట్టిది. ఒక వానకు అన్ని గింజలూ మొలవవు, కొన్ని మొలుస్తాయి, కొన్ని తర్వాతి వానకు, కొన్ని మూడేళ్ళ తర్వాత. ఎడంలో మొదటి పంట మొలకలు పోయినా సంచిలో సరుకు ఉంటుంది. అందుకే ఆగస్టులో మళ్ళీ వాన అందుకున్నాక ఖాళీ అయిన నేలను పట్టేది వెంపలి.

నా తప్పు ఒకటి చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రైతు బీడులో అంజన్ గడ్డి విత్తనం చల్లించాను. ఆరుద్ర ప్రవేశించిన మూడో రోజు మంచి జల్లు పడింది, ఇక ఆగలేదు. ఆరో రోజుకు మొలక చూసి ఆయన నాకు కొబ్బరికాయ కొట్టినంత పని చేశాడు. తర్వాత పంతొమ్మిది రోజులు చుక్క లేదు. మొలకలన్నీ వెంట్రుకల్లా ఎండిపోయాయి. ఆగస్టులో వానలు వచ్చాక ఆ బీడంతా వెంపలి. పై ఆఫీసు రిపోర్టులో "విత్తన నాణ్యత లోపం" అని రాసుకున్నారు. విత్తనం బాగానే ఉంది, తొందర నాది.

వాన మొత్తం మార్చకుండా ఎడం మాత్రమే పెంచితే ఏమవుతుందని అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలోని కోంజా గడ్డిభూమిలో ప్రయోగం చేశారు. రేకుల కప్పు కింద వాననీళ్ళు పట్టి, అవే నీళ్ళను తక్కువ విడతల్లో, ఎక్కువ ఎడంతో పోశారు. 2002లో ఫలితాలు వచ్చాయి. నీళ్ళు అన్నే పోసినా గడ్డి దిగుబడి తగ్గింది, మొక్కల జాతుల వైవిధ్యం మాత్రం పెరిగింది. గట్టి గడ్డి వెనకబడితే ఆ సందులో మిగతావి దూరతాయి. అక్కడ వాన మనకంటే చాలా ఎక్కువ, కాబట్టి ఆ అంకెలు తెచ్చి ఇక్కడ అతికించడం కుదరదు. కానీ కథ మాత్రం మీ బీడు కథే.

నేల సంగతి క్లుప్తంగా. మీ పన్నెండు ఎకరాల్లో పల్లం వైపు నల్లమట్టి ఉందన్నారు. ఒకే వాన ఎర్ర గరపలో జానెడు దిగితే రేగడిలో అందులో సగమే దిగుతుంది. పైనే ఉండిపోయిన నీరు ఎండకు ఆవిరవుతుంది. చిన్న వానల ఏడాది ఎర్రనేల గడ్డి మేలు, పెద్ద వానల ఏడాది రేగడి గడ్డి మేలు. అమెరికా నడిమి మైదానాల్లో 1988లో ఈ లెక్క తీస్తే గీత 370 మిల్లీమీటర్ల దగ్గర తేలింది. అంతకు తక్కువ వాన పడేచోట ఇసుక నేలలో గడ్డి ఎక్కువ, పైన పడేచోట బరువు నేలలో ఎక్కువ. మన ఎండకు ఆ గీత ఇంకా పైకి జరిగి ఉంటుందని నా అంచనా. మీ బీడులో రెండు నేలలూ ఉన్నాయి కాబట్టి ఎక్కడ గడ్డి పోయిందో, ఎక్కడ ఉందో విడివిడిగా చూడండి. "బీడంతా పోయింది" అని మీరు రాశారు, నాకు నమ్మకం కలగలేదు.

సెప్టెంబరు, అక్టోబరు వానలది ఇంకో పాత్ర. ఆగస్టు వాన పిలకలు పెంచుతుంది, ఉత్తర, హస్త కార్తెల వాన గింజ నింపుతుంది. పగలు తగ్గేకొద్దీ దుబ్బు గడ్లు వెన్ను తీస్తాయి. ఆ టైమ్‌లో తడి లేకపోతే వెన్ను వస్తుంది, లోపల తాలు. పైకి చూస్తే బీడు నిండా గడ్డి, వచ్చే ఏటికి విత్తనం లేదు. రైతులు చాలామంది ఇక్కడే మోసపోతారు. గింజను వేలి గోటితో నొక్కి చూడండి, గట్టిగా తగలాలి.

ఆ హెటిరోపోగాన్ గింజ ఒకటి అరచేతిలో పెట్టుకుని కాస్త నీళ్ళు చిలకరిస్తే పిల్లలు కూడా వదలరు. తోక మెలి విప్పుకుంటూ గిరగిరా తిరుగుతుంది, ఆరితే మళ్ళీ మెలి పడుతుంది. అలా తడిసి ఆరి, ఆరి తడిసి, మొన వైపు నుంచి గింజ తనంతట తానే నేలలోకి దిగుతుంది. కాబట్టి గింజ రాలాక పడే ఒకటి రెండు చిన్న జల్లులు పాతిపెట్టే కూలి లేకుండా పని చేసిపెడతాయి. కొత్త గింజ వెంటనే మొలవదు, కొన్ని నెలలు పడి ఉంటేనే నిద్ర తీరుతుంది. అలాగని వెంపలి గింజలాగా ఏళ్ళ తరబడి నేలలో దాక్కోలేదు. వరసగా రెండేళ్ళు గింజ కట్టకపోతే దానికి మిగిలే ఆధారం దుబ్బు ఒక్కటే. చీమల కన్నం చుట్టూ పొట్టు కుప్ప ఎంత ఉందో కూడా చూడండి. గింజ పండిన ఏడాదికీ పండని ఏడాదికీ ఆ కుప్పలో తేడా తెలుస్తుంది.

నవంబరు, డిసెంబరు వాన గడ్డికి దాదాపు పనికిరాదు. అప్పటికి గడ్డి పండిపోయి ఉంటుంది, తడిస్తే నల్లబడి మేతకు కూడా చెడుతుంది. చల్లటి రోజులు కాబట్టి ఆవిరయ్యేది తక్కువ, నీరు మెల్లగా లోతుకు దిగుతుంది. అక్కడ కాచుకుని ఉన్నవి పొదలు. తుఫాను వచ్చి నవంబరులో వంద మిల్లీమీటర్లు కురిపిస్తే ఏడాది అంకె నిండుగా కనబడుతుంది, లాభం పొందింది బండారు, కంప. మీ రెండేళ్ళ వాన ఒకటే అని మీకు అనిపించడానికి ఇలాంటి ముసురు ఏదైనా కారణమేమో నెలవారీ లెక్క తీసి చూడండి. నా అనుమానం అదే.

ఇది మన ఊహ మాత్రమే అనుకోకండి. అమెరికాలో అరిజోనా రాష్ట్రం పోర్టల్ దగ్గర 1977 నుంచి ఒకే చోటును గమనిస్తూ వచ్చిన జేమ్స్ బ్రౌన్ బృందం, చలికాలపు వానలు పెరిగిన కాలంలో పొదలు మూడింతలయ్యాయని 1997లో ప్రకటించింది. అంతకు ముందు అది గడ్డి ఎక్కువ ఉన్న నేల. ఇంకో వైపు, బెంగళూరులో పనిచేసే మహేశ్ శంకరన్ తన సహచరులతో కలిసి ఆఫ్రికాలో 854 చోట్ల లెక్కలు కూర్చి 2005లో తేల్చింది ఏమిటంటే, ఏడాదికి సుమారు 650 మిల్లీమీటర్ల లోపు వాన పడే చోట చెట్టూ పొదా ఎంత దట్టంగా పెరగగలవో వానే నిర్ణయిస్తుంది. మన 550 ఆ గీతకు కిందే ఉంది. కాబట్టి మీ బీడంతా అడవి అయిపోతుందన్న భయం అక్కర్లేదు, కానీ నీళ్ళు చేరే వంకల వెంట కంప ఎక్కుతుంది. దాన్ని చిన్నప్పుడే వేరుతో పీకించండి. నరికితే పది కొమ్మలు వేస్తుంది.

కిందటేడు జ్ఞాపకం కూడా ఉంటుంది. న్యూమెక్సికోలోని హోర్నాడాలో చేసిన పనిలో తేలిందేమంటే, ఒక ఏడాది గడ్డి దిగుబడి ఆ ఏటి వానతో పాటు ముందటేడు ఎన్ని పిలకలు మిగిలాయన్న దాని మీద కూడా ఆధారపడుతుంది. కరువు తర్వాతి మంచి ఏడాది ఆశించినంత గడ్డి రాకపోవడానికి కారణం ఇదే. పిలక లేని దుబ్బు మీద ఎంత వాన పడితే ఏం లాభం? ఆ మిగులు వానను ఏడాది మొక్కలు తాగేస్తాయి. అందుకే కరువు విడిచిన మొదటి ఏడాది మన బీళ్ళు పూలతో కళకళలాడతాయి, గొర్రెలకు మాత్రం కడుపు నిండదు.

గొర్రెల మాట వచ్చింది కాబట్టి, కాపరుల మీద కోపం పెట్టుకోకండి, వాళ్ళకు మనకంటే ఎక్కువే తెలుసు. ముల్లు గట్టిపడక ముందే ఆ హెటిరోపోగాన్ గడ్డిని మేపాలనీ, తర్వాత మేపితే నోట్లో, చర్మంలో గుచ్చుకుంటుందనీ నాకు చెప్పింది ఒక కాపరి పెద్దాయనే. కానీ ఏప్రిల్, మేలో పడే జల్లుకు వచ్చే చిగురుంది చూడండి, అది దుబ్బు తన దాపుడు సొమ్ము తీసి ఖర్చు పెట్టి వేసిన చిగురు. దాన్ని మేస్తే మళ్ళీ వేస్తుంది, మళ్ళీ మేస్తే మళ్ళీ. వాన వెనక వాన లేకపోతే మూడోసారికి దుబ్బు చస్తుంది. మీ ఊళ్ళో కిందటేడు వేసవి జల్లులు పడ్డాయా, మంద ఎప్పుడు దిగింది అని కనుక్కోండి. వాన చేసిన పనీ, మంద చేసిన పనీ బయటికి ఒకేలా కనబడతాయి.

దున్నితే ఏమవుతుందో ఇప్పుడు మీకే తెలుస్తుంది. బతికి ఉన్న దుబ్బుల వేళ్ళు పైకి వస్తాయి, నేలలో దాక్కున్న పల్లేరు, వయ్యారిభామ గింజలు వెలుగు చూస్తాయి, గుట్ట వార కాబట్టి తొలి గట్టి వానకు పైమన్ను కొట్టుకుపోతుంది. మళ్ళీ ఈ గడ్డి రావడానికి ఎన్నో ఏళ్ళు పడుతుంది. నేనైతే పన్నెండు ఎకరాల్లో నాలుగు ఎకరాల చుట్టూ ముళ్ళకంప అడ్డం వేసి, తొలి మంచి పదును నుంచి ఆరు వారాలు మందను రానివ్వను. మిగతాది మేపుకోండి. వచ్చే ఏడు ఇంకో నాలుగు ఎకరాలు. పూర్తిగా బోడి అయిన చోట మాత్రమే, జూలైలో గడ్డపార జానెడు తడి చూపించాక, అంజన్ గడ్డి, స్టైలో అనే చిక్కుడు జాతి మేత మొక్క విత్తనం కలిపి చల్లండి. ఆరుద్రలో పడిన మొదటి జల్లుకు చల్లకండి, ఆ సరదా నేను తీర్చుకున్నాను.

ఒక చిన్న లెక్క కూడా మొదలుపెట్టండి. నాలుగు కర్రలతో మీటరు చదరం చట్రం చేసి, ఎర్రనేలలో ఐదు చోట్ల, నల్లనేలలో ఐదు చోట్ల గుర్తు రాళ్ళు పాతి, ఆగస్టు మొదట్లో, సెప్టెంబరు చివర్లో, డిసెంబరులో అవే చోట్ల చట్రం వేసి దుబ్బులెన్ని, వెంపలి ఎంత, బోడి నేల ఎంత అని రాయండి. పక్క పేజీలో వాన పడిన తేదీ, ఎంత పడింది, ఎంత లోతు తడిసింది. ఏడాది చివర మొత్తం కూడకండి, తేదీలను అలాగే ఉంచండి.

ఇక బకెట్ల సంగతి. ఎండిపోయినట్టున్న దుబ్బులు పది ఎంచుకుని గుర్తుగా గుడ్డ పీలికలు కట్టండి. ఒక్కో దుబ్బు మొదట్లో చిన్న కట్ట కట్టి రెండేసి బకెట్ల నీళ్ళు మెల్లగా పోయండి, నాలుగో రోజు మళ్ళీ పోయండి. మేకలు రాకుండా పైన ముళ్ళకంప కప్పండి. పది పన్నెండు రోజుల్లో బతికున్న దుబ్బు నడిమి నుంచి పచ్చ చిగురు తీస్తుంది. పదిలో నాలుగు లేస్తే విత్తనం మాటే వద్దు, రెండు వానాకాలాలు వదిలేయండి చాలు. ఒకటి రెండే లేస్తే ఆ చోట్లు ఎర్రనేలలో ఉన్నాయా, నల్లనేలలోనా అన్నది నాకు రాయండి, నెలవారీ వాన లెక్క కూడా పెట్టండి. అది చూశాకే విత్తనం ఎంత, ఎక్కడ అన్నది చెప్పగలను.